మా ఊరికి బస్సు ఎందుకు రాదు?

గుడియాత్తం బస్టాండులో సాయంత్రం ఐదు దాటింది. పరదరామి మీదుగా చిత్తూరు పోయే బస్సులో నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. ఒళ్లో మందుల కవరు, కాళ్ల మధ్య సరుకుల సంచి. కండక్టరుతో తమిళం, నాతో తెలుగు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి గడప దాటినంత సులువుగా వస్తూ పోతూ ఉంది. యాడ దిగతావవ్వా అని అడిగాను.

"రోడ్డు మింద దిగి మైలున్నర నడవాల నాయనా. మా ఊరికి బస్సు రాదు. నేను కాపురానికొచ్చినప్పట్నించీ అడగతానే ఉండారు. ఎందుకు రాదంటావు?"

జనం తక్కువ కదా అవ్వా, అన్నాను. అందరూ చెప్పే జవాబే. ఆమె తలూపి ఊరుకుంది. నాకు మాత్రం ఆ జవాబు నచ్చలేదు. తక్కువ అంటే ఎంత? ఎవరు లెక్కపెట్టారు, ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు? ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు నిదానంగా చెప్పాలని ఇది రాస్తున్నాను. ఆమె ఊరి పేరు రాయడం లేదు. వేలూరు జిల్లాలోనూ సరిహద్దుకు ఇవతల మన చిత్తూరు జిల్లాలోనూ అలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి.

ముందు ఊరు అంటే ఏమిటో చూడాలి. అవ్వకు ఊరు అంటే తన వీధి, రాములవారి గుడి, చింతచెట్టు, చుట్టుపక్కల ఇండ్లు. జనగణనకు ఊరు అంటే రెవెన్యూ గ్రామం. సర్వే నంబర్లతో, పొలిమేర రాళ్లతో గీసిన హద్దు లోపలి నేల మొత్తం ఒకే ఊరు. అందులో పెద్ద ఊరు ఒకటి, దాని చుట్టూ రెండు మూడు పల్లెలు, ఒక కాలనీ, గుట్ట కింద ఒక తండా ఉండొచ్చు. అన్నీ కలిసి పుస్తకంలో ఒక్క పేరు, ఒక్క అంకె. తమిళనాడులో గ్రామ పంచాయతీలు 12,500కు కాస్త పైన. జనావాసాలు మాత్రం దాదాపు 79 వేలు. సగటున ఒక్కో పంచాయతీ కింద ఆరు పల్లెలు. పెద్ద రికార్డుల్లో పంచాయతీ పేరు కనబడుతుంది, మిగతా పల్లెలు దాని నీడలో ఉండిపోతాయి.

జనగణనవాళ్లు తలలు లెక్కపెట్టడంతో ఆగరు. ప్రతి జిల్లాకూ ఒక పుస్తకం వేస్తారు. అందులో ఊరూరికీ బడి ఉందా, ఆసుపత్రి ఉందా, పోస్టాఫీసు ఉందా, ప్రభుత్వ బస్సు వస్తుందా, ప్రైవేటు బస్సు వస్తుందా, ఆటోలు తిరుగుతాయా, రైల్వే స్టేషను ఉందా, తారు రోడ్డా మట్టి రోడ్డా, అన్నీ రాస్తారు. ఊళ్లో లేనిదానికి దూరం ఒక్క అక్షరంలో చెబుతారు. ఐదు కిలోమీటర్ల లోపుంటే ఏ, ఐదు నుంచి పది అయితే బీ, పది దాటితే సీ. ఎంతో ఓపికగా చేసిన పని అది. నాకు ఆ పుస్తకాలంటే గౌరవం. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. బస్సు పెద్ద ఊరిదాకా వస్తే ఆ రెవెన్యూ గ్రామం మొత్తానికీ బస్సు ఉన్నట్టే. మూడు కిలోమీటర్ల అవతల ఉన్న పల్లెకు విడిగా గడి లేదు. అవ్వ ఊరికి బస్సు రాదు, పుస్తకంలో వస్తుంది. ఒకవేళ రాయకపోయినా అక్షరం ఏ. ఐదు కిలోమీటర్ల లోపు అన్నమాట. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి సంచితో నాలుగున్నర కిలోమీటర్లు నడిచినా ఏ, కుర్రవాడు అర కిలోమీటరు నడిచినా ఏ.

ఆ పుస్తకం కూడా పాతబడింది. చివరిసారి జనాభా లెక్కించింది 2011లో. అప్పుడు వేలూరు జిల్లా ఇంకా పెద్దది, 39,36,331 మంది. 2019లో దాన్ని వేలూరు, రాణిపేట, తిరుపత్తూరు అని మూడు జిల్లాలు చేశారు. 2021లో జరగాల్సిన లెక్క కోవిడ్ వల్ల ఆగింది. ఇప్పుడు 2027 మార్చి 1 నాటికి ఎంతమంది అన్నది లెక్కించబోతున్నారు. పదహారేళ్లలో ఒక పల్లెలో ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని వలసలు జరుగుతాయో చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి. 2011లో లెక్కించిన కాలం ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేనివాళ్లను ఆ ఇంటి లెక్కలో చేర్చలేదు. ఎక్కడుంటే అక్కడే రాసుకున్నారు. పొంగలి పండగ అయిపోయి, కోతలు ముగిసి, బెంగళూరుకో మద్రాసుకో కట్టడం పనులకు జనం వెళ్లే రోజులు అవి. వాళ్ల ఓటు ఊళ్లో, రేషన్ కార్డు ఊళ్లో, ముసలి అమ్మానాన్నలు ఊళ్లో. వాళ్ల తల మాత్రం నగరం లెక్కలో పడుతుంది. నియమంగా అది తప్పు కాదు, ఒక మనిషిని రెండుచోట్ల లెక్కించకూడదు కదా. ఫలితంగా పల్లె అంకె మరికాస్త చిక్కుతుంది.

ఆ అంకె చిక్కితే ఏమవుతుంది? రోడ్డు దగ్గర తేలుతుంది.

2000 డిసెంబరు 25న కేంద్రం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలుపెట్టింది. మైదాన ప్రాంతంలో 500 మంది, దానికి పైన ఉన్న జనావాసాలకు అన్ని కాలాల్లో నడిచే రోడ్డు వేయాలి. కొండ రాష్ట్రాల్లో, ఎడారుల్లో, ఐదో షెడ్యూలు గిరిజన ప్రాంతాల్లో 250 చాలు. ఈ పథకంలో నాకు నచ్చిన మాట ఒకటుంది. ఇది రెవెన్యూ గ్రామాన్ని కాదు, జనావాసాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. అంటే అవ్వ చెప్పే ఊరిని. అర కిలోమీటరు లోపు ఉన్న పల్లెలను కలిపి ఒకటిగా లెక్కించుకోవచ్చు అని కూడా ఉంది. రోడ్డుకు అర కిలోమీటరు కన్నా దూరంగా ఉంటేనే రోడ్డు లేనట్టు. దేశంలో లక్షన్నరకు పైగా జనావాసాలకు ఈ పథకం కింద రోడ్డు వెళ్లింది. అది చిన్న విషయం కాదు. 2024 సెప్టెంబరులో నాలుగో దశకు ఆమోదం వచ్చింది. 2011 లెక్క ఆధారంగా మరో 25,000 జనావాసాలు, 62,500 కిలోమీటర్లు. కానీ గీత గీతే. 510 మంది ఉన్న పల్లె లోపల, 480 ఉన్న పల్లె బయట. ఫిబ్రవరిలో బెంగళూరు వెళ్లిన ముప్పైమంది ఏ వైపు పడతారన్నదాని మీద ఒక రోడ్డు ఆధారపడొచ్చు.

250 సడలింపు సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. తమిళనాడులో ఐదో షెడ్యూలు ప్రాంతం అంటూ ఒక్కటీ లేదు. మన అరకు, పాడేరు, భద్రాచలం వైపు వర్తించే ఆ నియమం వేలూరు జిల్లా అనైక్కట్టు పైన జవ్వాది కొండల్లో ఉన్న మలయాళి గిరిజనులకు ఆ పేరుతో వర్తించదు. కొండ అదే, అడవి అదే, వాళ్లూ గిరిజనులే. కాగితం మీద ప్రాంతం పేరు వేరు.

2023 మే నెలలో అక్కడ అల్లేరి కొండ మీద అత్తిమరత్తుకొల్లై అనే చిన్న పల్లెలో ఏడాదిన్నర పాపను రాత్రి నిద్రలో పాము కాటేసింది. కొండ దిగి ఆసుపత్రికి చేర్చేలోపే ఆలస్యమైపోయింది, పాప దక్కలేదు. పోస్టుమార్టం తర్వాత మృతదేహంతో తిరిగి వస్తుంటే అంబులెన్సు దారి లేక మధ్యలోనే ఆగిపోయింది. తల్లి పాపను చేతుల్లో ఎత్తుకుని కొండదారిలో నడిచింది. ఆ ఫోటో చూసినవాళ్లు మరిచిపోలేరు. కాటు పడ్డ తర్వాత విషానికి విరుగుడు ఎంత తొందరగా పడితే అంత మేలు. కొండదారి తినేసింది ఆ సమయాన్నే.

మరి అక్కడ అంతవరకూ రోడ్డు ఎందుకు వేయలేదు? కొండ చుట్టూ రిజర్వు అడవి. అడవి నేలను వేరే పనికి వాడాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి. ప్రత్యామ్నాయ నేల చూపాలి, చెట్లు నాటడానికి డబ్బు కట్టాలి, ఫైలు ఎన్నో బల్లలు దాటాలి. దగ్గరి దారి ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ ప్రకారం బడి, అంగన్‌వాడీ, మంచినీళ్లు, రోడ్డు లాంటి 13 రకాల పనులకు గ్రామసభ తీర్మానం మీద అడవి నేల ఇవ్వొచ్చు. ఒక్కో పనికి హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా. మంచి నియమమే. హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు. ఐదు మీటర్ల వెడల్పు దారి వేస్తే సరిగ్గా రెండు కిలోమీటర్లకు ఆ హెక్టారు అయిపోతుంది. కొండ ఎక్కే దారి మెలికలు తిరుగుతూ అంతకన్నా ఎంతో పొడుగు పోతుంది. అందుకే చిన్న పల్లెకు కూడా పెద్ద ఫైలే కావాల్సి వస్తుంది. ఆ మరణం తర్వాతే అల్లేరి రోడ్డు పని కదిలింది.

సరే, రోడ్డు పడింది అనుకుందాం. బస్సు వస్తుందా? అవ్వ ఊరికి తారు రోడ్డు ఉంది, ఆమే చెప్పింది. అయినా బస్సు లేదు. ప్రపంచ బ్యాంకు తయారుచేసిన ఒక కొలమానం ప్రకారం అన్ని కాలాల్లో నడిచే రోడ్డుకు రెండు కిలోమీటర్ల లోపు ఉంటే ఆ పల్లె మనిషికి రవాణా అందుబాటు ఉన్నట్టే. ఇరవై, ఇరవై ఐదు నిమిషాల నడక అని వాళ్ల అంచనా. అది రోడ్డును కొలుస్తుంది. ఆ రోడ్డు మీద ఏదైనా నడుస్తోందా అన్నది కొలవదు.

బస్సు లెక్క వేరే. అది తలలు లెక్కపెట్టదు, టిక్కెట్లు లెక్కపెడుతుంది. ఆర్టీసీ డిపోలో ఎవరినడిగినా ఈపీకే అంటారు. కిలోమీటరుకు ఎంత వసూలైంది అని. ఉదాహరణకు 600 మంది ఉన్న పల్లె అనుకుందాం. పదిమందిలో ఒకరు రోజూ బయటికి పోతారనుకుంటే 60 మంది. సగం మంది బైకుల మీద పోతే బస్సుకు మిగిలేది 30. ఆ ముప్పైమందీ పొద్దున ఏడు, ఎనిమిది మధ్యే పోవాలి. బడి, కాలేజి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ, లుంగీల మగ్గాలు, వేలూరు ఆసుపత్రి ఓపీ, అన్నీ ఆ వేళకే. పొద్దున బస్సు గుడియాత్తం వైపు జనంతో పోతుంది, వాళ్లను ఎక్కించుకోవడానికి ఊరికి వచ్చినప్పుడు ఖాళీ. సాయంత్రం దీనికి తలకిందులు. ఒక మంచి ట్రిప్పుకు ఒక ఖాళీ ట్రిప్పు జత. మధ్యాహ్నం రెండువైపులా ఖాళీ. సగటు తీస్తే ఈపీకే పడిపోతుంది. మొదట మధ్యాహ్నం ట్రిప్పు తీసేస్తారు. ఆసుపత్రి పని పదకొండుకే అయిపోయిన మనిషి సాయంత్రం దాకా బస్టాండులో కూర్చోవాలి. అది భరించలేనివాళ్లు అప్పు చేసి బైకు కొంటారు. ముప్పై కాస్తా ఇరవై అవుతుంది. తర్వాత సాయంత్రం ట్రిప్పు పోతుంది. చివరికి మిగిలేది బైకు నడపలేనివాళ్లు, కొనలేనివాళ్లు. ముసలివాళ్లు, పిల్లలు, ఆడవాళ్లలో ఎక్కువమంది. బస్సు అందరికన్నా ఎక్కువ కావాల్సింది వాళ్లకే. అంకెలో తక్కువైందీ వాళ్లే. పదో తరగతి తర్వాత ఆడపిల్ల చదువు ఆగిపోయిన ఇంటికి వెళ్లి అడగండి, ఎన్నిసార్లు కారణం బస్సు దగ్గరికి వస్తుందో.

ఈ లెక్కను ఎదుర్కోవడానికి ఆర్టీసీలు కనిపెట్టిన అందమైన ఉపాయం హాల్టు బస్సు. రాత్రి ఆఖరి ట్రిప్పు ఊరికి వచ్చి అక్కడే నిద్రపోతుంది. తెల్లారి అదే మొదటి ట్రిప్పు. ఎందుకంటే రాత్రి ఖాళీగా డిపోకు పోవడం, తెల్లారి ఖాళీగా రావడం రెండూ మిగులుతాయి. డిపోవాళ్ల భాషలో అది డెడ్ మైలేజీ. హాల్టు బస్సు ఉన్న ఊరిని చూస్తే తెలుస్తుంది. బడి వరండాలో డ్రైవరు, కండక్టరు దుప్పట్లు కప్పుకుని పడుకుంటారు. ఎవరింటి నుంచో కూజాతో నీళ్లు వస్తాయి. నాలుగున్నరకు ఇంజను ఒకసారి దగ్గి మొదలవుతుంది. ఆ చప్పుడే ఊరికి గడియారం. పాలక్యాన్లు, కనకాంబరాల బుట్టలు, ఆకుకూర మూటలు చెట్టు కిందికి చేరతాయి. ఆ ఒక్క ట్రిప్పు ఉన్నందుకే పొద్దుటి మార్కెట్టుకు పూలు పండించే ఊళ్లు ఉన్నాయి. అది ఆగిపోతే పంట కూడా మారిపోతుంది.

తమిళనాడు ఇంకో ఉపాయం చేసింది, మినీ బస్సు. 1997లో మొదలైంది. పెద్ద బస్సు పోని దారుల్లో ప్రైవేటువాళ్లు చిన్న బస్సు నడుపుకోవచ్చు. మొత్తం 20 కిలోమీటర్లు, అందులో పెద్ద బస్సులు తిరిగే దారి 4 కిలోమీటర్లు మించకూడదు. ఆ నాలుగు దగ్గరే ఇబ్బంది వచ్చింది. పల్లెల్లో తిరిగి తిరిగి వచ్చిన మినీ బస్సు టవును అంచున ఆగిపోయేది. అక్కడ దిగి ఇంకో బస్సు ఎక్కాలి, ఇంకో టిక్కెట్టు కొనాలి. బండి యజమానికి గిట్టుబాటు టవును దగ్గరే, నియమం దాన్నే కట్టేసింది. చాలా బండ్లు ఆగిపోయాయి. 2025 జూన్‌లో మొదలైన కొత్త పథకంలో దారిని 25 కిలోమీటర్లకు పెంచారు, బస్సులున్న దారిలో నడిచే వాటాను కూడా పెంచారు. అడ్డుపడిన చోటే సరిచేశారు కాబట్టి దీని మీద నాకు ఆశ ఉంది.

మన ప్రాంతానికి మాత్రమే ఉన్న చిక్కు ఒకటి మిగిలింది, సరిహద్దు. 1911 దాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే, ఆ జిల్లాకు కచేరీ ఊరు కూడా చిత్తూరే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా గుడియాత్తం, చిత్తూరు ఒకే రాష్ట్రం. ఇవతలి తెలుగు, అవతలి తెలుగు, అవతలి తమిళం, ఇవతలి తమిళం, పెళ్లి సంబంధాలు, పాల వ్యాపారం, సంతలు అన్నీ కలిసే ఉండేవి. ఇప్పటికీ ఉన్నాయి. బస్సు మాత్రం విడిపోయింది. 1988 మోటారు వాహనాల చట్టం 88వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్టు రెండో రాష్ట్రం సంతకం పెడితేనే అక్కడ చెల్లుతుంది. దానికి రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉండాలి. ఏ దారిలో ఎన్ని బస్సులు, ఎన్ని ట్రిప్పులు అని అందులో రాసుకుంటారు. పెద్ద దారులు ఆ జాబితాలో చేరతాయి. సరిహద్దుకు అటూ ఇటూ రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు పల్లెల కోసం ఎవరూ ఒప్పందం రాయరు. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. బయలుదేరే చోటు, చేరే చోటు ఒకే రాష్ట్రంలో ఉండి, మధ్యలో 16 కిలోమీటర్ల లోపు పక్క రాష్ట్రంలోంచి పోతే రెండో సంతకం అక్కర్లేదు. దాటిపోవడానికి వీలుంది, అక్కడే ఆగి వెనక్కి రావడానికి లేదు. అందుకే ఇటు బస్సు ఇటే తిరుగుతుంది, అటు బస్సు అటే తిరుగుతుంది. మధ్య నడక మనుషులది.

ఉచిత ప్రయాణం కూడా ఆ గీత దగ్గరే ఆగుతుంది. తమిళనాడులో 2021 మే నుంచి సాధారణ టవును బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలైంది, రాష్ట్రం లోపల తిరిగే పల్లెవెలుగు లాంటి బస్సుల్లో. రాష్ట్రం దాటే బస్సుకు అది వర్తించదు. అందుకే అవ్వ ఆ సాయంత్రం చిత్తూరు బస్సుకు డబ్బులిచ్చి టిక్కెట్టు కొంది. టవును బస్సు కోసం చూస్తే చీకటి పడుతుందని. ఈ పథకాల వల్ల ఒక మేలు జరిగింది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. సున్నా టిక్కెట్టు కూడా టిక్కెట్టే. ఇంతకాలం రెండు మైళ్లు నడిచి డబ్బు మిగుల్చుకున్న ఆడమనిషి బస్సు లెక్కలో లేనే లేదు. ఇప్పుడు ఎక్కుతోంది, కాగితం మీద పడుతోంది.

టవునుకే అన్నీ దగ్గరగా ఉన్నాయనుకోకండి. 2011లో 91 వేల పైచిలుకు జనం ఉన్న గుడియాత్తానికి కూడా రైలు ఊళ్లోకి రాదు. లైను పాలారు లోయ వెంట కాట్పాడి నుంచి జోలార్‌పేట వైపు పోయింది. ఊరు దానికి ఉత్తరంగా కౌండిన్య నది ఒడ్డున ఉంది. స్టేషను పేరు గుడియాత్తం, దిగిన తర్వాత మళ్లీ బస్సో ఆటోనో వెతుక్కోవాలి. 2021 నవంబరు వానలకు మోర్దానా ప్రాజెక్టు నిండి కౌండిన్య పొంగినప్పుడు ఏరు దాటే దారులు ఎంత తేలిగ్గా తెగిపోతాయో ఆ చుట్టుపక్కల అందరూ చూశారు. చప్టా మీద మోకాలి లోతు నీళ్లు పారితే చాలు, అవతలి పల్లెలకు ఆ రోజు బస్సు లేనట్టే.

అయితే అవ్వ ఊరివాళ్లు ఏం చేయొచ్చు? తమిళనాడులో ఏడాదికి ఆరుసార్లు గ్రామసభ జరుగుతుంది. జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. బస్సు కావాలి అని ఒక్క ముక్క రాస్తే ఆ కాగితం పాత కాగితాల మీద పడుతుంది. పల్లె పేరు పంచాయతీ పేరుతో కలపకుండా విడిగా రాయాలి. పొద్దున ఏడున్నరకు ఎంతమంది, అందులో బడిపిల్లలు ఎంతమంది, ఆసుపత్రికి పోయేవాళ్లు ఎంతమంది, మధ్యాహ్నం ఎంతమంది, ఒక వారం రాసి పెట్టాలి. మినీ బస్సు దారి గీసేవాళ్లకు కావాల్సింది ఆ కాగితమే. పల్లె బడిలో తొమ్మిదో తరగతి చదివే పిల్లలు చేయగల పని. రోడ్డు మీద ఒక నోటుబుక్కు పట్టుకుని నిలబడితే చాలు. 2027 ఫిబ్రవరిలో లెక్కకు మనిషి వచ్చినప్పుడు, నిన్న మొన్న పనికి పోయి వారానికో పది రోజులకో తిరిగొచ్చేవాళ్లను లేరని చెప్పకూడదు. వాళ్లు ఆ ఊరి మనుషులే, ఆ ఇంటి లెక్కలోనే ఉండాలి.

పరదరామి ఇంకా రాలేదు. చింతతోపు పక్కన బస్సు ఆగింది. అవ్వ లేచింది. కండక్టరు ముందు దిగి సంచి అందుకుని కింద పెట్టాడు. రోడ్డు పక్కన సన్నటి తారు దారి మామిడి తోటల్లోకి పోతోంది, ఆ దారిలో ఎవరూ లేరు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, మీ ఊర్లో ఎన్ని ఇండ్లుంటాయవ్వా అని అడిగాను.

ఆమె సంచి తల మీద సర్దుకుంటూ ఆగింది. వేళ్లు మడిచి కాసేపు లెక్క చూసుకుంది.

"బీగాలేసిన ఇండ్లు గూడా కలిపా, కలపకనా నాయనా?" అంది. బస్సు కదిలింది.